ముందు వోల్టేజ్ చూడండి

రిటైరయ్యాక మా మొదటి ప్రయాణం ఎంతో దూరం కాదు. డాలస్ నుంచి ఉత్తరంగా గంటన్నర పోతే రెడ్ రివర్ మీద డెనిసన్ డ్యామ్ కట్టగా ఏర్పడిన టెక్సోమా సరస్సు వస్తుంది. దాని ఒడ్డున ఐసన్‌హోవర్ స్టేట్ పార్కు ఉంది. అక్కడ రెండు రాత్రులు హాయిగా గడిచాయి. మూడో రోజు పొద్దున్న గిన్నెలు సర్దేసి, కరెంటు కేబుల్ పీకి చుట్టేసి, స్లయిడ్ అవుట్‌ని లోపలికి లాగే బటన్ నొక్కాను. టిక్ మని చిన్న చప్పుడు వచ్చింది. గోడ కదల్లేదు.

మోటర్‌హోమ్ ఎరగనివాళ్ల కోసం ఒక మాట. బండి ఆగాక హాలు గోడ మూడడుగులు బయటికి జరిగి గది వెడల్పవుతుంది. దాన్నే స్లయిడ్ అవుట్ అంటారు. అది లోపలికి రాకపోతే బండి కదపకూడదు. 11 గంటలకల్లా సైటు ఖాళీ చెయ్యాలి. మావారు బటన్ పది సార్లు నొక్కారు, తర్వాత మెట్ల మీద కూలబడి నెమ్మదిగా అన్నారు: "ఇల్లు అమ్మేసి తప్పు చేశామంటావా?"

పక్క సైటులోని పెద్దాయన కాఫీ కప్పుతో వచ్చారు. ఆయన మమ్మల్ని ఒక్క ప్రశ్న అడిగారు. "బ్యాటరీ దగ్గర ఎన్ని వోల్టులు ఉన్నాయి?" మా దగ్గర మీటరే లేదు. ఆయన తన మల్టీమీటర్ తెచ్చి బ్యాటరీ పోస్టుల మీద పెట్టారు. 12.7. అంటే బ్యాటరీ నిండుగా ఉంది. నన్ను బటన్ నొక్కి పట్టుకోమని, మీటరు ముల్లుని పోస్టు మీంచి తీసి, పోస్టుకి బిగించిన కేబుల్ క్లాంపు మీద ఆనించారు. 9 చిల్లర. బ్యాటరీలో కరెంటు పుష్కలంగా ఉంది, అర అంగుళం దాటేలోపు పోతోంది. క్లాంపు విప్పి చూస్తే లోపల తెల్లగా, పచ్చగా పొక్కు కట్టి ఉంది. దీపాలకు కావలసిన కాస్త కరెంటు ఆ పొక్కులోంచి ఎలాగో దూరిపోతోంది. గోడని లాగే మోటారుకి కావలసినంత మాత్రం దూరట్లేదు. నెగటివ్ తీగ ముందు విప్పి, వంటసోడా నీళ్లతో కడిగి, ఇనప బ్రష్షుతో రుద్ది, మళ్లీ బిగించాం. ఇరవై నిమిషాల పని. గోడ లోపలికొచ్చింది.

మావారు అడిగినదానికి ఆ పార్కులో ఎవరి దగ్గరా జవాబు లేదు. పెద్దాయన అడిగినదానికి అర నిమిషంలో దొరికింది. ఆ పొద్దున్న నేను నేర్చుకున్నదే ఈ వ్యాసమంతా. ఇంటి తాళాలు వేరేవాళ్ల చేతిలో పెట్టి చక్రాల ఇంట్లోకి మారబోతున్నవాళ్లు, మారి ఆరు నెలలు నిండనివాళ్లు నా మాట దయచేసి వినండి. బండి ప్రశ్నని బతుకు ప్రశ్న చెయ్యకండి.

నేను 28 ఏళ్లు ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేశాను. కొలతలో తేడా కనబడగానే మేము డాక్టరుకి ఫోన్ చేసేవాళ్లం కాదు. శాంపిల్ సరిగ్గా తీశారా, ట్యూబు మారిందా, మెషీను కాలిబ్రేషన్ ఎప్పుడు అయింది, ముందు ఇవి చూసేవాళ్లం. రోగి సంగతి ఆ తర్వాత. ఇన్నేళ్ల అలవాటు ఉన్నదాన్ని నేనే ఆ మెట్ల దగ్గర నిలబడి, ఒక్క కొలతా లేకుండా, మా ముప్పై ఏళ్ల కష్టార్జితం మీద తీర్పు రాసేశాను. ఎందుకలా అయింది? నాకు అర్థమైనంత వరకు కారణం ఇది. ఉద్యోగంలో ఏ మెషీను ఆగినా ఆ మెషీనే ఆగేది. రిటైరయ్యాక బండి ఆగితే, కూతురు వద్దన్నా, గుళ్లో స్నేహితులు నొసలు చిట్లించినా తీసుకున్న నిర్ణయం మొత్తం ఆగినట్టు అనిపిస్తుంది. మన మాట చెల్లుతుందో లేదో లోకమంతా కాచుకుని చూస్తున్నట్టు ఉంటుంది. నిజానికి ఎవరూ చూడట్లేదు. అక్కడున్నది ఒక తుప్పు పట్టిన క్లాంపు.

అసలు మొదటి నెలల్లోనే ఇన్ని ఇబ్బందులు ఎందుకొస్తాయో తెలిస్తే సగం బెంగ తీరుతుంది. మోటర్‌హోమ్ ఒకే చోట పుట్టదు. ఇంజను, చక్రాలు, అడుగు చట్రం ఫోర్డ్, ఫ్రైట్‌లైనర్ లాంటి లారీ కంపెనీల నుంచి వస్తాయి. ఇండియానాలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కలో, అయొవాలోని ఫారెస్ట్ సిటీ లాంటి ఊళ్లోనో దాని మీద గది కడతారు. ఫ్రిజ్ ఒకరిది, ఏసీ ఒకరిది, నీళ్ల పంపు ఇంకొకరిది. చట్రానికో వారంటీ, గదికో వారంటీ, ఫ్రిజ్‌కో వారంటీ. ఇలా కట్టిన ఇంటిని మనం హైవే మీద గంటకు 60 మైళ్ల వేగంతో ఊపుకుంటూ తీసుకుపోతాం. మన ఊళ్లో బీరువాని ట్రాక్టరు మీద వేసి గుంతల రోడ్డులో పది కిలోమీటర్లు తెస్తే కీళ్లు వదులవుతాయి కదా. ఇక్కడ ఇల్లంతా ఆ బీరువాయే. మరలు వదులవుతాయి, అతుకులు కదులుతాయి, తలుపులు దిగిపోతాయి. కొత్త బండిలో ఇవి మొదటి కొన్ని వందల మైళ్లలోనే బయటపడతాయి. పాత బండి అయితే, అమ్మకానికి పెట్టి కదలకుండా ఉంచిన కాలమంతా ఒకేసారి లెక్క అప్పజెబుతుంది.

అందుకే మొదటి ప్రయాణం గంటన్నర దూరంలోనే ఉండాలని నేను పట్టుబడతాను. గ్రాండ్ క్యాన్యన్ ఎక్కడికీ పోదు. మొదటి మూడు ప్రయాణాల్లో ఏమేం పనిచెయ్యట్లేదో వెతకడానికే వెళ్లండి, చూడాల్సిన చోట్లు తర్వాత చూద్దురుగాని. ప్రతి దీపం, ప్రతి కుళాయి, ప్రతి బర్నరు వాడి చూడండి. ఓ రాత్రి కేబుల్ పీకేసి బ్యాటరీ మీదే గడపండి. చెడిపోయినది దొరికితే సంతోషించండి. దానికోసమే కదా వెళ్లింది!

ఇంకో సంగతి ఉంది, దీన్ని నేను చాలా ఆలస్యంగా గ్రహించాను. మొదటి ఏడాది మాకొచ్చిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం అసలు చెడిపోవడాలే కావు. మాకు తెలియకపోవడాలు.

వెస్ట్ టెక్సస్‌లో ఒక రాత్రి జనరేటర్ స్టార్టు కాలేదు. పాడైందనుకుని తెల్లవార్లూ చెమటల్లో కూర్చున్నాం. జనరేటరు బండి ట్యాంకులోంచే పెట్రోలు తాగుతుంది. కానీ దాని గొట్టాన్ని ట్యాంకు అడుగు దాకా దించరు. సుమారు పావు ట్యాంకు దగ్గర దానికి పెట్రోలు అందడం ఆగిపోతుంది. రాత్రంతా ఏసీ వేసుకున్నా పొద్దున్న పెట్రోలు బంకు దాకా వెళ్లడానికి మిగలాలని అలా కడతారు. మా ముల్లు పావు కింద ఉంది. ఆ యంత్రం మమ్మల్ని కాపాడుతుంటే మేము పాడైందన్నాం.

ఇంకోసారి వంటగట్టు ప్లగ్గులన్నీ చచ్చిపోయాయి. బాత్రూంలోని ప్లగ్గు మీద రీసెట్ అని చిన్న బటన్ ఉంటుంది. తేమ తగిలి అది పడిపోతే దాని వెనక వరసలో ఉన్న ప్లగ్గులన్నీ ఆగుతాయి. వంటింటి జబ్బుకి మందు బాత్రూంలో ఉంటుందని ఎవరికి తోస్తుంది? ఒకసారి తెలిశాక మాత్రం మరవం.

ఫ్రిజ్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. గ్యాసుతోనూ కరెంటుతోనూ నడిచే రకంలో కంప్రెసర్ ఉండదు. అమోనియా ద్రావణం వేడికి పైకెక్కి, చల్లబడి, తన బరువుతోనే గొట్టాల్లో కిందికి జారుతూ తిరుగుతుంటుంది. బండి వాలుగా నిలిపితే ఆ జారడం ఆగిపోతుంది. మాకు పాలు విరిగాయి. అలాగే వాలులో రోజుల తరబడి నడిపి ఉంటే ఫ్రిజ్ లోపలి గొట్టాలు శాశ్వతంగా దెబ్బతినేవి. ఇప్పుడు బండి ఆపగానే మావారు నేల మీద రసమట్టం పెడతారు. చక్రాల కింద పలకలు పెట్టి, బండి సమంగా ఉందని తేలాకే కాఫీ.

మన వంటకి సంబంధించిన లెక్క ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. 30 ఆంప్ కనెక్షన్ అంటే 120 వోల్టుల మీద 3,600 వాట్లు. ఏసీ ఒక్కటే సుమారు 1,500 తీసుకుంటుంది. దాని మీద 1,800 వాట్ల ఇండక్షన్ స్టవ్ మీద కుక్కరు పెట్టి, పాలకోసం మైక్రోవేవ్ కూడా తిప్పితే బ్రేకరు పడిపోతుంది. పడాలి కూడా. మా క్యాంప్‌గ్రౌండులో కరెంటు బాగాలేదని నేను ఆఫీసులో ఫిర్యాదు చేసి వచ్చాక ఈ కూడిక వేసుకున్నాను. మర్నాడు వెళ్లి ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాను.

కొలరాడోలో ఐసన్‌హోవర్ టన్నెల్ ఎక్కుతూ ఇంజను పోయిందనుకున్నాం. అది 11,000 అడుగుల పైన ఉంటుంది. టర్బో లేని ఇంజను వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం చొప్పున బలం కోల్పోతుంది కాబట్టి అక్కడికి దాదాపు మూడోవంతు తగ్గిపోతుంది. లారీలన్నీ కుడి లేన్‌లో నింపాదిగా పాకుతుంటే మేమూ వాటి వెనకే పాకాలి. దిగేటప్పుడు మాత్రం బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చోకూడదు. ఎక్కిన గేరు కంటే తక్కువ గేరులో, ఇంజనుతోనే ఆపుకుంటూ దిగాలి. బ్రేకులు కాలిన వాసన వచ్చాక నేర్చుకునే పాఠం కాదది.

ఇక్కడ నా సలహా సూటిగా చెబుతాను. ఏదైనా ఆగితే "ఏం చెడింది?" అని మొదలుపెట్టకండి. "ఇది ఎలా పనిచెయ్యాలి?" అని మొదలుపెట్టండి. మొదటి ప్రశ్న మిమ్మల్ని బాధితుల్ని చేస్తుంది. రెండోది మాన్యువల్ తెరిపిస్తుంది.

మా నాన్నగారికి తెనాలి దగ్గర కొంచెం పొలం ఉండేది, దాంట్లో ఒక డీజిల్ ఇంజను. నాట్లప్పుడే ఆగేది. నాన్న తువ్వాలు గట్టు మీద పరుచుకుని కూర్చునేవారు. దాన్ని తిట్టగా నేనెప్పుడూ వినలేదు. "గాలి పట్టిందేమో చూద్దాం" అనేవారు. డీజిల్ గొట్టం బోల్టు కొద్దిగా వదులు చేసి, బుడగలు పోయి డీజిలు ధారగా వచ్చేదాకా చేత్తో కొట్టి, మళ్లీ బిగించేవారు. పంపులో నీళ్లు పోసి నింపేవారు. అప్పటికీ రాకపోతే ఊళ్లోంచి మేస్త్రీని పిలిపించేవారు. మేస్త్రీ వచ్చాక పక్కన నిలబడి అన్నీ అడిగేవారు. వ్యవసాయం చెయ్యడం తప్పేమో అని ఆ గట్టు మీద ఆయన ఎన్నడూ అనలేదు. ఆ ఓపిక మన ఇళ్లలో ఉన్నదే. డెస్కు ముందు కూర్చున్న ఏళ్లలో ఎక్కడో పెట్టి మరిచిపోయాం, అంతే.

డెస్కు అన్నాను కాబట్టి మావారి మాట కూడా చెప్పాలి. ముప్పై మందికి పని చెప్పిన మనిషి అరవై దాటాక బండి కింద పడుకుని, తనకంటే ముప్పై ఏళ్లు చిన్నవాణ్ని "ఇదేంటి?" అని అడగాలి. చాలామంది మగవాళ్లకి ఇది స్లయిడ్ అవుట్ కంటే బరువైన పని. అడగలేక తెలిసినట్టు తలాడించి, బిల్లు కట్టి, వచ్చే నెల అదే జబ్బుతో అదే షాపుకి వస్తారు. మావారికి ఈ మెట్టు దిగడానికి నాలుగు నెలలు పట్టింది. దిగిన రోజు నుంచి ఆయన నిద్ర బాగుపడింది. నేను పక్కనే ఉండి చూశాను. తెలియదని ఒప్పుకోవడం వినయం కోసం కాదు, వేగం కోసం. తెలియదన్నవాడికి రెండు నిమిషాల్లో చూపిస్తారు.

దీనికి తోడుగా ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, మైళ్లు, ఏం కనబడింది, ఎంత కొలిచాం, ఏం చేశాం, ఎంతయింది. షాపులు గంటల లెక్కన డబ్బు తీసుకుంటాయి. "గోడ సరిగ్గా రావట్లేదు" అంటే వెతికే గంటలు మీ ఖాతాలోనే పడతాయి. "బ్యాటరీ పోస్టు మీద 12.7, క్లాంపు మీద 9" అంటే తిన్నగా అక్కడికే వెళతాడు. పుస్తకం వల్ల ఇంకో మేలు ఉంది. "ఎప్పుడూ ఏదో ఒకటి!" అని విసుగొచ్చిన రోజు తిరగేస్తే, ఆ నెలలో చెడినవి రెండేనని కనబడుతుంది.

పిల్లలకి రోడ్డు పక్క నుంచి ఫోన్ చెయ్యకండి. ప్రేమ లేక కాదు, ఉండబట్టే. మా అమ్మాయి నా కంగారు గొంతు వినగానే "అమ్మా, మీకెందుకీ తిప్పలు, అమ్మేసి మా దగ్గరికొచ్చెయ్యండి" అంటుంది. ఆ క్షణంలో అది అమృతంలా ఉంటుంది. ఏం చెడిందో తేలాక చెయ్యండి. "టెర్మినల్ తుప్పు పట్టింది, శుభ్రం చేశాం" అని చెప్పండి. అప్పుడు వాళ్లకీ ధైర్యం, మనకీ ధైర్యం.

భార్యాభర్తల సంగతికొస్తే, బండి ఆగిన రోజు "నేను అప్పుడే చెప్పాను" అన్న మాటకి మా ఇంట్లో సెలవు. ఒకరి చేతులు పనిలో ఉంటే రెండోవారు రాసుకోవాలి, టార్చి పట్టుకోవాలి. మర్నాడు పాత్రలు మారాలి. బండి నడపడం, మురుగు ట్యాంకు ఖాళీ చెయ్యడం, గ్యాసు వాల్వు కట్టడం ఇద్దరికీ వచ్చి తీరాలి. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు చేతులు కట్టుకుని కూర్చునే ఇల్లు కాదు ఇది.

అన్నీ ఓపికతో చూడాల్సినవి కావు. కొన్నిటి దగ్గర నేను చాలా కఠినంగా ఉంటాను. ప్రొపేన్ వాసన వచ్చిందా, ఏ స్విచ్చీ తాకకుండా బయటికి రండి. సిలిండరు వాల్వు బయటే ఉంటుంది, కట్టెయ్యండి. తర్వాతే ఆలోచన. బ్రేకుల పని యూట్యూబు చూసి చెయ్యకండి. టైర్ల విషయంలో కంటిని నమ్మకండి. మేం కొన్న పాత బండి టైర్లు గాడి అరగకుండా కొత్తవాటిలా మెరుస్తున్నాయి. "అంతా బాగుంది" అన్నాడు అమ్మినవాడు. టైరు పక్కన డాట్ అక్షరాల వెంట వచ్చే వరసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 3516 అంటే 2016వ సంవత్సరం 35వ వారంలో చేసినది. ఎండలో నిలబడి ఉన్న రబ్బరు తిరక్కపోయినా ముసలిదవుతుంది. ఆరేడేళ్లు దాటితే, గాడి ఎంత ఉన్నా మార్చెయ్యండి. మేము ఆరు టైర్లూ మార్చాం. ఆ ఖర్చు చేతికి నొప్పిగానే ఉంది, కానీ ఆ తర్వాత హైవే మీద నా భుజాలు కిందికి దిగాయి.

బరువు కూడా టైర్ల మాటే. ఎంత మోయవచ్చో బండి లోపల స్టికరు మీద రాసి ఉంటుంది. 40 గ్యాలన్ల నీళ్లు నింపితేనే 150 కిలోలు. ఆ పైన సోనా మసూరి సంచులు, ఊరగాయ జాడీలు, గ్రైండరు, పుస్తకాలు. అమెరికన్ రచయిత జాన్ స్టయిన్‌బెక్ 1960లో, 58 ఏళ్ల వయసులో, పికప్ మీద గది కట్టించుకుని దేశం చుట్టడానికి బయల్దేరాడు. అవసరానికి మించి సామాను ఎక్కించుకున్నాడు, పుస్తకాలతో సహా. ఆరెగన్‌లో వానలో ఆయన టైరు పేలింది. లారీలు ఆగే చోట్ల క్యాట్ స్కేల్ అనే తూకం ఉంటుంది. సామానంతా ఎక్కించాక ఒకసారి తూయించండి. మేం తూయించాక గ్రైండరు అమ్మాయింటికి వెళ్లింది, మిక్సీ మిగిలింది. ఇడ్లీ కొంచెం గట్టిగా వస్తోంది. ఫరవాలేదు.

డబ్బు గురించి రెండు ముక్కలు. బండి కొన్న ధరలో పదోవంతు మొదటి ఏడాది రిపేర్లకని విడిగా పెట్టండి. ఇది నా సొంత లెక్క. ఆ డబ్బు ముందే ఖర్చయిపోయిందనుకుంటే ప్రతి బిల్లూ గుండెకి తగలదు. పాతది కొంటుంటే అమ్మేవాడితో సంబంధం లేని ఇన్‌స్పెక్టరుకి చూపించండి. ముఖ్యంగా పైకప్పు అతుకులు. అక్కడ కారిన నీళ్లు గోడల్లోకి దిగి చెక్కని కుళ్లబెట్టాకే లోపల మరక కనబడుతుంది.

ఇంత చెప్పాక, మానుకోవడం తప్పని నేను అనను. మోకాళ్లు మెట్లు ఎక్కనివ్వకపోవచ్చు. మనసు మనవడి దగ్గరే ఉండిపోవచ్చు. గోడలు కుళ్లిన బండికి డబ్బు పోస్తూ ఉండకూడదు కూడా. మానుకోవాలనుకుంటే మానుకోండి. కానీ ఆ నిర్ణయం రోడ్డు పక్కన తీసుకోకండి. రిపేరయి, మూడు రాత్రులు నిండా నిద్రపోయి, ఇద్దరూ కడుపు నిండా తిన్నాక, టేబుల్ ముందు కూర్చుని తీసుకోండి. మేమలా రెండుసార్లు కూర్చున్నాం. రెండుసార్లూ మ్యాపు తెరిచాం.

62 నిండిన పౌరులకీ గ్రీన్ కార్డు ఉన్నవారికీ నేషనల్ పార్కుల్లోకి జీవితకాలపు ప్రవేశ పాసు 80 డాలర్లకి వస్తుంది. అది మా అద్దానికి వేలాడుతోంది. జనవరిలో అరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్ ఎడారికి వెళ్లాం. చలికాలం గడపడానికి వేలాదిమంది అక్కడ చేరతారు. సాయంత్రం మంటల చుట్టూ కూర్చుని వాళ్లు మాట్లాడుకునేది సగం రిపేర్ల గురించే. ఇరవై ఏళ్లుగా తిరుగుతున్న ఒకావిడ తన నోటుపుస్తకం చూపించింది. అది పదకొండోది.

మాది ఇంకా మొదటిదే. నిన్న రాత్రి అందులో కొత్త వరుస చేరింది. ఎవరూ కుళాయి తిప్పకుండానే నలభై నిమిషాలకోసారి నీళ్ల పంపు రెండు సెకన్లు గుర్రుమంటోంది. అంటే ఎక్కడో ఒత్తిడి జారుతోంది. ఎక్కడా తడి కనబడలేదు. చూడాల్సిన చోట్లు మూడు రాసుకున్నాం: టాయిలెట్ వాల్వు, హీటరు వెనక జాయింటు, పంపు లోపలి చెక్ వాల్వు. పొద్దున్న కాఫీ అయ్యాక టాయిలెట్ దగ్గర మొదలుపెడతాం. ఈసారి టార్చి నాది, పానా మావారిది.